గంజి కేంద్రం నుంచి నూలు గిడ్డంగి దాకా: ఆపదలో నేతవాడికి అందిన సాయం, అందని సాయం

సమాఖ్య వార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని పెద్దలు అడిగినారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. సంఘం లెక్కల పుస్తకాలు, తీర్మానాల పుస్తకాలు రాసి రాసి చేతికి కాస్త రాత పట్టుబడింది గాని పండితులం కాము. మార్కండేయ మహర్షి గురించి, భావనారుషి గురించి, దేవల మహర్షి గురించి, చౌడేశ్వరి అమ్మవారి గురించి ఈ సంచికలో తెలిసినవారు రాస్తారు. మేము రాయదలచింది వేరే సంగతి. కరువు, తుఫాను, వరద, గలాటా వచ్చినప్పుడు నేతపనివాడికి ఎవరెవరు ఏమేమి సాయం చేసినారు, ఆ సాయంతో అతను మళ్ళీ మగ్గం ఎక్కినాడా లేదా, ఇదే మా వ్యాసం.

ఇది పాత కథ అనుకోవద్దు. మనవాళ్ళు షోలాపూరులో వున్నారు, భివండీలో వున్నారు, బళ్ళారి, బెంగుళూరు, కంచి, సేలం, బరంపురం, యానాం, ఇన్ని చోట్ల వున్నారు. ఈ ఊళ్ళన్నింటిలో ఏదో ఒకటి ప్రతి రెండు మూడేళ్ళకు నీళ్ళలో మునుగుతున్నది, లేదా పని లేక ఎండుతున్నది. సమాఖ్య సహాయనిధి అని ఒకటి పెట్టాలని మాట నడుస్తున్నది గనుక, ఆ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో నిర్ణయించే ముందు మన పెద్దల అనుభవం ఒకసారి తిరగేసి చూడడం మంచిది.

కరువు ముందు ఎవరి ఇంటికి వస్తుంది

వాన పడకపోతే ముందు నష్టపోయేది రైతే అని అందరూ అంటారు. అది సగం నిజం. రైతు ఇంట్లో పాత గింజలు నాలుగు నెలలకు వుంటే వుంటాయి. నేతపనివాడు ఏరోజు బియ్యం ఆరోజు కొనుక్కునేవాడు. గింజల ధర పెరిగిందంటే ఊళ్ళో జనం ముందు మానుకునేది కొత్త బట్ట. చిరిగిందే కుట్టుకుని కట్టుకుంటారు గాని ఆకలి మాత్రం కుట్టుకోలేరు గదా! అందువల్ల నేతవాడికి ఒకే వారంలో రెండు దెబ్బలు తగులుతాయి. అమ్మే వస్తువుకు గిరాకీ పోతుంది, కొనే వస్తువుకు ధర పెరుగుతుంది. చెరువు ఎండకముందే మగ్గం ఆగుతుంది.

1832-33 లో వచ్చిన నందన కరువును గుంటూరు సీమవాళ్ళు డొక్కల కరువు అని చెప్పుకునేవారు. ఆ కాలంలో సర్కారు సాయం అనే పద్ధతే సరిగా లేదు. దాతలు గంజి పోసినచోట బతికినారు, పోయనిచోట ఊళ్ళు వదిలి పోయినారు. మన కుటుంబాల్లో చాలామంది "మా తాతముత్తాతలు ఫలానా ఊరి నుంచి వచ్చినారు" అని చెబుతారే గాని ఎందుకు వచ్చినారో చెప్పలేరు. రాజులు పిలిచి మాన్యాలిచ్చి పెట్టుకున్నవాళ్ళు కొందరు వున్నారు. బరంపురం పట్టు నేతవాళ్ళను మహురి రాజులు పిలిపించినారని ఇక్కడి పెద్దల మాట. కాని పిలవకుండా ఆకలికి వచ్చినవాళ్ళు కూడా తక్కువ కాదు. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

ధాత కరువు

1876 లో వానలు పోయినాయి. అది ధాత నామ సంవత్సరం. మనవాళ్ళు ధాత కరువు అన్నారు, తమిళులు తాదు వరుషపు పంజం అన్నారు. మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి దక్కను, నైజాము, అంతటా ఒకటే గోస. బ్రిటిషు పాలన కింద వున్న ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైగా జనం పోయినారని తరువాత వేసిన కరువు కమిషన్ అంచనా కట్టింది.

1877 మొదట్లో వైస్రాయి లిట్టన్ ప్రభువు సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసుకు పంపినాడు. ఖర్చు తగ్గించడం ఆయన పని. కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన కొద్ది పైసలు చాలునన్నాడు. పౌనంటే మన అరకిలో కన్నా తక్కువ. రోజంతా మట్టి తవ్వినవాడికి ఆ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించినాడు. కొన్ని నెలల తరువాత కూలి కాస్త పెంచక తప్పలేదు. ఒక పౌనా, పౌనున్నరా అని దొరలు కాగితాల మీద వాదించుకున్న ఆ నాలుగు నెలల్లో ఎన్ని ప్రాణాలు పోయినాయో ఆలోచించండి. సాయం ఎంత ఇవ్వాలనే లెక్క కాగితం లెక్క కాదు, కడుపు లెక్క. ఈ పాఠం మనకు అక్కడ మొదలైంది.

ఆ ఏడు ఆగస్టులో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు ఇంగ్లండు ప్రజలకు విన్నపం చేసినాడు. లండను మేయరు మాన్షన్ హౌస్ పేరుతో నిధి తెరిచినాడు. ఐదు లక్షల పౌన్లకు పైగా పోగైనాయి. మద్రాసులో ఆ నిధి సంఘానికి కార్యదర్శిగా పనిచేసింది విలియం డిగ్బీ అనే పత్రికా సంపాదకుడు. ఆయన తరువాత ఆ కరువు మీద రెండు సంపుటాల పెద్ద పుస్తకం రాసినాడు. ఇందులో మాకు నచ్చిన సంగతి ఒకటి వున్నది. సర్కారు పద్ధతి ప్రాణం నిలపడం వరకే. ఈ చందాల నిధి మాత్రం వాన పడిన తరువాత మనిషిని తన పాత స్థితికి చేర్చాలని పెట్టుకున్నది. రైతుకు విత్తనం, ఎద్దు, కూలిన ఇంటికి కప్పు, పనివాడికి పనిముట్టు, ఇలాంటివాటికి డబ్బు ఇచ్చింది. ప్రాణం నిలిపే సాయం వేరు, బతుకు నిలిపే సాయం వేరు. ఈ తేడాను ఆ రోజుల్లోనే గుర్తించినవాళ్ళున్నారు.

రాళ్ళు కొట్టిన చేతులు

సర్కారు కరువు పనులంటే ఏమిటి? చెరువు తవ్వడం, రోడ్డు వేయడం, కాలువ తీయడం, కంకర కొట్టడం. మద్రాసులో బకింగ్‌హాం కాలువలో ఒక భాగం అలా ధాత కరువు కూలీల చేతుల మీద తవ్వించిందే. రైతుకూలీకి ఆ పని అలవాటే. నేతపనివాడికి? గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి, నీడలో కూర్చుని, వెంట్రుకంత దారాన్ని వేలికొసతో అతికే మనిషి చేతికి సమ్మెట ఇస్తే ఏమవుతుంది? ఒకటి, అతను రైతుకూలీతో సమానంగా కంకర కొట్టలేడు, అందుచేత కూలి తక్కువ పడుతుంది. రెండు, మూడు నెలలు కొట్టినాక చేయి మొద్దుబారుతుంది, వేళ్ళు కాయలు కాస్తాయి. వాన పడి మళ్ళీ మగ్గం ఎక్కితే సన్న నూలు ఆ వేళ్ళకు తెలియదు. తెగిన పోగు ఎక్కడ తెగిందో చేయి చెప్పదు. అంటే ప్రాణం నిలిచింది, పనితనం పోయింది.

ఈ సంగతి సర్కారుకు అర్థం కావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. కరువు ఎలా ఎదుర్కోవాలో చెప్పే నిబంధనలు 1880 లలో తయారైనాయి. 1896-97 లో మళ్ళీ కరువు వచ్చినప్పుడు మద్రాసు రాజధానిలో నేతపనివాళ్ళకు వాళ్ళ వృత్తిలోనే పని ఇచ్చే పద్ధతి నడిచింది. సర్కారే నూలు ఇవ్వడం, మజూరీ ఇచ్చి బట్ట నేయించుకోవడం. ఆ బట్టను ఎక్కడ అమ్మాలనేది అధికారులకు తలనొప్పే, ఎందుకంటే కరువులో కొనేవాడు లేడు. అయినా మగ్గం ఆడింది, చేయి నిలిచింది.

అదే కరువులో షోలాపూరు నేతవాళ్ళ పరిస్థితి విషమించింది. నైజాము తెలుగు జిల్లాల నుంచి మనవాళ్ళు పోయి స్థిరపడ్డ ఊరు అది. అక్కడ మొదటి మిల్లు 1877 లో, అంటే ధాత కరువు నాడే మొదలైంది. 1896-97 లో బాలగంగాధర తిలక్ గారు షోలాపూరు, అహ్మద్‌నగరు వెళ్ళి అక్కడి పెద్దలతో కూర్చుని ఒక పథకం తయారు చేసినారు. స్థానిక కమిటీలు సర్కారుతో కలిసి నేతపనివాళ్ళకు తగిన సాయం అందించాలని ఆ పథకం. ఉత్తరాదిన అలాంటి పద్ధతికే అక్కడి లెఫ్టినెంటు గవర్నరు ఒప్పుకున్నాడు. బొంబాయి సర్కారు మాత్రం ఒప్పుకోలేదు. ఒకే దేశం, ఒకే కరువు, ఒకే వృత్తి. ఒకచోట నూలు చేతికిచ్చినారు, ఇంకొకచోట పథకం పక్కన పడేసినారు. రాష్ట్రం మారితే సాయం మారడం అనేది ఇవాళ్టి జబ్బు కాదన్నమాట. ఐదు రాష్ట్రాల్లో వున్న మన సమాఖ్యకు ఈ సంగతి బాగా తెలుసు.

మద్రాసు రాజధానిలోనే ఇంకొక మంచి ఉదాహరణ తిరుచెంగోడు దగ్గర పుదుపాళయంలో రాజాజీ గారు 1925 లో పెట్టిన గాంధీ ఆశ్రమం. ఎండిపోయిన ఆ ప్రాంతంలో ఆడవాళ్ళకు రాట్నమిచ్చి, వడికిన నూలు కొని, దాన్నే నేయించి అమ్మినారు. అది దానం కాదు, పని. పుచ్చుకున్నవాళ్ళు తల దించుకోనక్కరలేదు.

రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళు

కరువు, వాన దేవుడి చేతిలోవి అనుకుందాం. మనిషి మనిషిని తరిమినప్పుడు ఏమైంది? గంజాం, శ్రీకాకుళం, విశాఖ, కోరంగి వైపు నుంచి మనవాళ్ళు వేలకొద్దీ రంగం వెళ్ళేవారు. రేవులో, బియ్యం మిల్లుల్లో తెలుగు కూలీలు లేకపోతే పని నడిచేది కాదు. 1930 మే నెలలో రేవు పని విషయంలోనే బర్మావాళ్ళకు, తెలుగు కూలీలకు కొట్లాట లేచి వందకు పైగా చనిపోయినారు. ఓడ దొరికినవాళ్ళు ఓడలో తిరిగొచ్చినారు. 1941 డిసెంబరు 23 న జపానువాళ్ళు రంగం మీద బాంబులు వేసినారు. 1942 లో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చినారని లెక్క. ఓడ చోటు దొరకనివాళ్ళు కొండలు, అడవులు దాటి మణిపురం, అస్సాం వైపు నడిచినారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి.

ఆ దారిలో వాళ్ళకు అన్నం, టీ పెట్టింది ఎవరు? అస్సాం తేయాకు తోటల యజమానుల సంఘం. తోట కూలీలను, లారీలను, బియ్యాన్ని తెచ్చి దారి పొడవునా మకాములు వేసినారు. వాళ్ళు వేగంగా దిగినారు. ఎందుకు దిగగలిగినారు? వాళ్ళకు ముందే మనుషులు, వంటసామాను, బండ్లు, లెక్కలు రాసేవాళ్ళు అన్నీ సిద్ధంగా వున్నాయి గనుక. వృత్తి సంఘం అనేది ఆపదలో ఎంత వేగంగా కదలగలదో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

తరువాత 1960 లలో బర్మా సర్కారు వ్యాపారాలు స్వాధీనం చేసుకోగా ఇంకొక విడత మనవాళ్ళు తిరిగి వచ్చినారు. వాళ్ళ కోసం, సిలోను నుంచి వచ్చినవాళ్ళ కోసం 1969 లో మద్రాసులో రెప్కో బ్యాంకు పుట్టింది. అది సహకార బ్యాంకు. తిరిగొచ్చినవాళ్ళు దానిలో సభ్యులు. ఇప్పటికీ నడుస్తున్నది. సహకార సంఘం కార్యదర్శులుగా మాకు ఇది గర్వంగా వుంటుంది. గంజి పోస్తే ఒక పూట గడుస్తుంది, బియ్యం ఇస్తే పది రోజులు గడుస్తాయి, సంస్థ పెడితే రెండు తరాలు గడుస్తాయి.

గలాటాల మాట వచ్చింది గనుక భివండీ గురించి ఒక ముక్క. 1970 మేలో ఒకసారి, 1984 మేలో ఒకసారి ఆ ఊరు తగలబడింది. మరమగ్గాల ఊరు అది. మగ్గం ఒకరిది, నూలు ఇంకొకరిది, నడిపే చేయి మరొకరిది, కొనే షావుకారు వేరొకరు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయితేనే గదా చీర. ఒక షెడ్డు కాలితే కాలింది ఫలానావాడిది అనుకోవడానికి లేదు, నలుగురి కూడు కాలినట్టే. గలాటా తరువాత సాయం చేసేవాళ్ళు ఇది మనసులో పెట్టుకోవాలి. ఒకవైపు వాళ్ళకే ఇచ్చే సాయం మగ్గాన్ని నడిపించలేదు.

వాన లేని తుఫాను

నేతవాడికి ఇంకొక రకం ఆపద వున్నది. ఆకాశంలో మబ్బు కనిపించదు, రేడియోలో హెచ్చరిక రాదు. నూలు ధర ఒక్కసారి పెరుగుతుంది. 1991 లో నూలు ధర మండిపోయి ప్రకాశం జిల్లా చీరాల వైపు నేతవాళ్ళు ఆకలితో చనిపోయినారు. 2001-02 లో తమిళనాడు చేనేత ఊళ్ళలో గంజి తొట్లు పెట్టవలసి వచ్చింది. సిరిసిల్ల సంగతి అందరికీ తెలిసిందే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు భివండీ నుంచి మనవాళ్ళు తెలంగాణ జిల్లాలకు ఎలా చేరినారో ఈ సంచిక చదివేవాళ్ళలోనే చెప్పగలిగినవాళ్ళున్నారు.

ఇలాంటి ఆపదకు పాతవాళ్ళు కొన్ని మందులు కనిపెట్టినారు. 1935 లో మద్రాసులో చేనేత సహకార సంఘాలన్నింటికీ పైసంఘం ఏర్పడింది, ఇవాళ కో-ఆప్‌టెక్స్ అంటున్నది అదే. 1953 లో కేంద్రం మిల్లు బట్ట మీద అదనపు సుంకం వేసి, ఆ డబ్బు ఖద్దరు, చేనేతల అభివృద్ధికి వాడేటట్టు చట్టం చేసింది. ఎవరి వల్ల మనకు పోటీ వచ్చిందో వాళ్ళ దగ్గరే కొంత వసూలు చేసి మనకు ఇవ్వడం. మా లెక్కలో అదీ సాయమే. కంటికి కనపడని సాయం, ఫోటో లేని సాయం.

గుంటలో నీళ్ళు

ఇక తుఫాన్ల సంగతి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయినారు. మండలి వెంకటకృష్ణారావు గారు, రామకృష్ణ మిషన్ లాంటి సంస్థలు అక్కడ నిలబడి ఇళ్ళు కట్టించినారు. 1996 నవంబరు 6 న కోనసీమ, యానాం వైపు తుఫాను కొబ్బరి చెట్లను పడగొట్టింది. 1999 అక్టోబరులో ఒడిశాకు పన్నెండు రోజుల్లో రెండు తుఫాన్లు. 17 న మా గంజాం మీద, 29 న పారాదీపు వైపు మహా తుఫాను. రెండోదానిలో పదివేల దాకా పోయినారు. ఆ దెబ్బతో ఒడిశా సర్కారు విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టింది, ఆశ్రయ భవనాలు కట్టింది. 2013 అక్టోబరు 12, దుర్గాష్టమి రాత్రి, ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించినారు. పోయిన ప్రాణాలు పదుల్లోనే వున్నాయి. పద్నాలుగేళ్ళలో ఎంత తేడా! ప్రాణం కాపాడడం మన సర్కార్లు నేర్చుకున్నాయి, ఒప్పుకుని మెచ్చుకోవాలి.

కాని మనిషి ఆశ్రయ భవనానికి పోతాడు, గుంటమగ్గం పోలేదు. అది నేలలో వున్నది.

తెలియని కుర్రవాళ్ళ కోసం చెబుతున్నాము. నీరు గుంటలో నిండితే గోడల మట్టి జారుతుంది. చెక్క ఉబ్బుతుంది, ఎండినాక వంకర తిరుగుతుంది. అచ్చుకు తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన పంటి దగ్గర ప్రతి పోగూ తెగుతుంది. జాకార్డు అట్టలు నానిపోతాయి. గంజి పెట్టిన పడుగు తడిస్తే రెండు మూడు రోజుల్లో బూజు. పట్టయితే రంగు ఒకదానిలోంచి ఒకదానిలోకి దిగుతుంది. నీళ్ళు తోడేసిన తరువాత గుంట ఆరడానికే వారాలు పడుతుంది. ఆరకుండా కూర్చుంటే కాళ్ళకు చెమ్మ ఎక్కి జబ్బు చేస్తుంది. తరువాత కొత్త పడుగు తేవాలి, ఆసు పోయాలి, అతకాలి, నేయాలి, ఇచ్చి మజూరీ తెచ్చుకోవాలి. వరద వచ్చిన రోజు నుంచి మొదటి మజూరీ చేతికి వచ్చేదాకా రెండు మూడు నెలలు. బియ్యం మూట పది రోజులకు వస్తుంది. మధ్యలో మిగిలిన ఆ రెండున్నర నెలల్లోనే నేతవాడు అప్పు చేస్తాడు, మగ్గం అమ్ముతాడు, సూరతు రైలు ఎక్కుతాడు. ఎక్కినవాడు తిరిగి మగ్గం దగ్గరకు రావడం అరుదు.

ఇంకొకటి. ఈ వైపు పెద్ద తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు నవంబరుల్లోనే వస్తున్నాయి. 2018 లో తిత్లీ కూడా అక్టోబరు 11 నే. దసరా, దీపావళి, పెళ్ళిళ్ళ కోసం ఇంట్లో సరుకు నిలవ వుండే రోజులవి. ఆరు నెలల కష్టం ఆ ఒక్క రాత్రిలో తడుస్తుంది.

దాతలు మంచి మనసుతోనే వస్తారు. కాని అడిగి ఇవ్వరు. ఒక తుఫాను తరువాత మా వైపు ఒక సంస్థవారు నూలు పంపినారు. మేము నేసేది 80 వ నంబరు, వచ్చింది 20 వ నంబరు. సన్న అచ్చులో ఆ దారం దూరదు. మూటలు అలాగే వుండిపోయినాయి. పంపే ముందు ఒక ఫోను చేసి "ఏ నంబరు అన్నా?" అని అడిగివుంటే సరిపోయేది.

కాగితం మీద లేనివాళ్ళు

సర్కారు సాయంలో నేతవాడికి ఏమీ లేదనుకోవద్దు. విపత్తు నిధి ఖర్చుకు కేంద్రం ఇచ్చిన జాబితాలో చేనేత పేరు వున్నది. 2015 జాబితాలో మగ్గం, పనిముట్ల మరమ్మతుకు ఒక్కో పనివాడికి 4,100 రూపాయలు, నూలు వగైరా ముడిసరుకు నష్టానికి ఒక్కో పనివాడికి 4,100 రూపాయలు. 2022 జాబితాలో అవి ఐదేసి వేలు అయినాయి. ఈ డబ్బుతో మగ్గం పూర్తిగా రాదు, అయినా హక్కు హక్కే. కాని అధికారి ధ్రువీకరించాలి. అడిగినవాడికే వస్తుంది, పేరు వున్నవాడికే వస్తుంది.

చిక్కు ఇక్కడే వున్నది. మన ఊళ్ళలో మగ్గం నేసేవాళ్ళందరూ మగ్గం గలవాళ్ళు కాదు. షావుకారు మగ్గం మీద కూలికి నేసేవాడు, అద్దె ఇంట్లో నేసేవాడు, సంఘంలో సభ్యత్వం లేనివాడు, వీళ్ళ నష్టం ఎవరి లెక్కలో పడుతుంది? మగ్గం నష్టపరిహారం యజమానికి పోతుంది, ఆగిన మజూరీకి పరిహారం లేదు. ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. 2019-20 చేనేత గణనలో దేశంలో 35 లక్షలకు పైగా నేత, అనుబంధ పనివాళ్ళు తేలినారు, అందులో ప్రతి పదిమందిలో ఏడుగురు ఆడవాళ్ళు. కండెలు చుట్టేది, ఆసు పోసేది, అచ్చు అతికేది వాళ్ళే. వరద వచ్చినాక నష్టం జాబితాలో రాట్నం పేరు చూసినారా ఎప్పుడైనా? మేము చూడలేదు.

మన చేతిలో వున్న పని

నూట యాభై ఏళ్ళ చరిత్ర చూసినాక మాకు తోచినవి నాలుగు ముక్కల్లో చెబుతాము. సమాఖ్య పెద్దలు ఆలోచించవలసింది.

మొదటిది, మగ్గాల పుస్తకం. ఆపద రాకముందే ప్రతి ఊళ్ళో ఎవరి ఇంట్లో ఎన్ని మగ్గాలు, గుంటమగ్గమా నిలువు చట్రం మగ్గమా, ఏ నంబరు నూలు, ఎన్నో నంబరు అచ్చు, నేసేది ఎవరు, కండెలు చుట్టేది ఎవరు అని రాసి ఫోటోతో పెట్టుకోవాలి. సొంతదారు పేరుతో పాటు పనిచేసే మనిషి పేరు కూడా రాయాలి. రేపు తహసీల్దారు ముందు ఆ పుస్తకమే మన సాక్షి.

రెండోది, నూలు గిడ్డంగి. నిధిలో సగం బియ్యానికి కాదు, నూలుకు కేటాయించాలి. మేడ మీద, తడవని చోట, మన ప్రాంతాల్లో నడిచే నంబర్లు, అచ్చులు కొన్ని నిలవ వుంచాలి. షోలాపూరు మునిగితే బరంపురం పంపాలి, యానాం మునిగితే కంచి పంపాలి. ఐదు రాష్ట్రాల్లో వుండడం మన బలహీనత అంటారు. ఐదూ ఒకే రోజు మునగవు గదా! అదే మన బలం.

మూడోది, కొనుగోలు మాట. నూలు ఇచ్చి ఊరుకుంటే చాలదు. 1896 లో సర్కారుకు వచ్చిన తలనొప్పే మనకూ వస్తుంది. దెబ్బ తిన్న ఊరి బట్టను మిగతా ఊళ్ళ సంఘాలు మూడు నెలల పాటు కొంటామని ముందే ఒప్పందం రాసుకోవాలి. మన ఇళ్ళలో పెళ్ళిళ్ళకు పెట్టుబడి బట్టలు ఆ ఏడు ఆ ఊరివే కొనాలి. ఇది దానం కాదు, వ్యాపారమే.

నాలుగోది, మధ్యలో వున్న ఆ రెండున్నర నెలలకు కాస్త డబ్బు, కూలి నేతవాడికీ, కండెలు చుట్టే అమ్మకూ వాళ్ళ వాళ్ళ ఖాతాల్లో నేరుగా. ఇచ్చేటప్పుడు వరుసలో నిలబెట్టి ఫోటో తీయడం వద్దు. పుచ్చుకున్నవాడు రేపు మన ఊరికి సాయం పంపేవాడే.

బియ్యం వద్దని మేము అనడం లేదు. మొదటి పది రోజులు బియ్యమే దేవుడు. ఆ తరువాత పదకొండో రోజు నుంచి మన పని మొదలు కావాలి. ఆ పని సర్కారుకు చేతకాక కాదు, ఎవరి అచ్చు ఎంతో దానికి తెలియక. మనకు తెలుసు. తెలిసీ ఊరుకుంటే ఎలా?

వచ్చే ఆశ్వయుజానికి ముందు కనీసం మగ్గాల పుస్తకం ఒక్కటైనా ప్రతి సంఘంలో పూర్తి చేయాలని కార్యదర్శులందరికీ మా మనవి. ఖాళీ పుస్తకం, ఒక కలం, వీధికో కుర్రవాడు వుంటే చాలు. సమాఖ్యకు, దేశమంతటా వున్న మన నేత కుటుంబాలకు వార్షికోత్సవ శుభాకాంక్షలు.